లాల్‌బాగ్‌లో ఒక పూట: మన మిద్దె తోట కోసం ఏం చూడాలి, ఎలా చూడాలి

ఇంట్లో నాలుగు కుండీలు ఉన్నవాళ్ళెవరైనా బెంగళూరు వెళ్తే అక్కడి బొటానికల్ గార్డెన్ లాల్‌బాగ్ చూడకుండా రారు. తిరిగొచ్చేటప్పుడు ఫోన్ నిండా పూల ఫొటోలు, చేతి సంచిలో రెండు మూడు మొక్కలు ఉంటాయి. వేసవి దాటేసరికి ఫొటోలు ఉంటాయి గానీ మొక్కలు ఉండవు.

నాకూ అదే జరిగింది. మా అమ్మాయి ఉద్యోగం బెంగళూరులో. తనని చూడటానికి మొదటిసారి వెళ్ళినప్పుడు, లాల్‌బాగ్‌లో గుత్తులు గుత్తులుగా పూసిన హైడ్రేంజియాను చూసి మనసు పారేసుకున్నాను. బయట ఒక నర్సరీలో అలాంటివే రెండు, వాటితో పాటు ఒక ఫ్యూషియా కొని విజయవాడ తెచ్చుకున్నాను. మార్చి దాకా బాగానే ఉన్నాయి. ఏప్రిల్‌లో ఆకుల అంచులు మాడాయి. షేడ్ నెట్ కట్టాను, రెండు పూటలా నీళ్ళు పోశాను. మే పదో తేదీకల్లా మూడూ ఎండిపోయాయి. చాలా బాధేసింది. తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది: నేను పువ్వును చూశాను గానీ, ఆ మొక్క ఎక్కడ నిలబడి ఉందో చూడలేదు. దాని మీద ఎంత ఎండ పడుతోంది, పక్కన ఏముంది, కింద నేల ఎలా ఉంది, ఏదీ గమనించలేదు.

అప్పటి నుంచి బొటానికల్ గార్డెన్‌కి వెళ్తే మొక్క నిలబడ్డ చోటునే ముందు చూస్తున్నాను. మా మిద్దె మీద ఇప్పుడు బతికి ఉన్నవన్నీ అలా చూసి తెచ్చుకున్నవే. ఆ పద్ధతిని మీకు వరసగా చెప్తాను. లాల్‌బాగ్‌ని ఉదాహరణగా తీసుకున్నాను గానీ హైదరాబాద్ కొండాపూర్‌లోని బొటానికల్ గార్డెన్‌కైనా, ఊటీకైనా, పిల్లల దగ్గరికి సింగపూర్ వెళ్ళినప్పుడు అక్కడి తోటకైనా ఇదే పద్ధతి పనికొస్తుంది.

1. వెళ్ళే ముందు మీ ఇంటి ఎండను రాసుకోండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన పని. ఇంట్లోనే, ఒక్క ఆదివారంలో అయిపోతుంది.

ఒక కాగితం మీద మీ మిద్దె గానీ బాల్కనీ గానీ గీయండి. ఫోన్‌లో దిక్సూచి పెట్టి ఉత్తరం ఎటో గుర్తు పెట్టండి. పొద్దున 8, 11, మధ్యాహ్నం 2, సాయంత్రం 5 గంటలకు వెళ్ళి చూసి, ఎండ పడుతున్న చోట్లు గీత గీయండి. నాలుగు సార్లూ ఎండ పడే చోటు ఏది, పొద్దున మాత్రమే పడేది ఏది, అసలు పడనిది ఏది అన్నది తెలిసిపోతుంది.

ఇక్కడ చాలామంది ఒక విషయంలో పొరబడతారు. డిసెంబరులో చూసిన ఎండ మేలో ఉండదు. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి తిరుగుతాడు కాబట్టి దక్షిణం బాల్కనీ లోపలికంటా ఎండ వస్తుంది. వేసవిలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు, అదే బాల్కనీకి పై అంతస్తు స్లాబు అడ్డుపడి నీడ వస్తుంది. ఇంకో సంగతి, విజయవాడలో అయినా హైదరాబాద్‌లో అయినా మే మొదటి భాగం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అందుకే "మాది ఉత్తరం బాల్కనీ, ఎండే రాదు" అనుకుని నీడ మొక్కలు పెట్టినవాళ్ళకి మే, జూన్ నెలల్లో ఆకులు మాడుతుంటాయి. పడమటి గోడ సంగతి సరేసరి, రాత్రి 9 గంటలకు చెయ్యి పెట్టినా వెచ్చగానే ఉంటుంది.

ఎండతో పాటు మరో మూడు సంగతులు రాసుకోండి. నీళ్ళ కుళాయి ఎంత దూరం? గాలి ఎటు నుంచి కొడుతుంది? బరువు ఎంత ఆగుతుంది? 20 లీటర్ల కుండీలో మట్టి తడిస్తే పాతిక, ముప్పై కిలోలు తూగుతుంది. అలాంటివి వరసగా పెట్టాలనుకుంటే పిట్టగోడ పక్కన, కింద దూలాలు, పిల్లర్లు ఉన్న చోట పెట్టుకోవాలి. పాత ఇల్లయితే మేస్త్రీనో ఇంజినీరునో ఒకసారి అడగండి.

చివరగా ఆ కాగితం అడుగున మూడు ప్రశ్నలు రాయండి. నావి ఇవి: పడమటి గోడకి ఆనించి ఏం పెట్టాలి? మెట్ల కింద నీడలో ఏం బతుకుతుంది? నీళ్ళ ట్యాంకును కప్పేలా ఏ తీగ పాకించాలి? ఆ ప్రశ్నలకు జవాబు వెతకడానికే వెళ్తున్నాను అనుకుంటే తోటలో కళ్ళు వేరేగా పనిచేస్తాయి.

2. ఎప్పుడు వెళ్ళాలి, ఏం పట్టుకెళ్ళాలి

లాల్‌బాగ్ 240 ఎకరాలు. ఒక్క పూటలో అంతా చూడాలనుకుంటే కాళ్ళనొప్పులు తప్ప ఏమీ మిగలవు. మామూలు రోజున పొద్దున 6 గంటలకే వెళ్ళండి. ఆ వేళకు నడకకు వచ్చేవాళ్ళు, మాలీలు తప్ప పెద్దగా జనం ఉండరు. మెట్రో గ్రీన్ లైన్‌లో లాల్‌బాగ్ స్టేషన్లో దిగితే పడమటి గేటు దగ్గరే.

ఒక చిన్న నోటుబుక్కు, పెన్సిలు, కొలత టేపు, నీళ్ళ సీసా, టోపీ చాలు. ఇంట్లో గీసిన కాగితం మాత్రం మరిచిపోవద్దు.

రిపబ్లిక్ డేకీ, స్వాతంత్ర్య దినోత్సవానికీ జరిగే పూల ప్రదర్శనల రోజుల్లో నేర్చుకోవడానికి వెళ్ళొద్దు. దాని గురించి చివర్లో చెప్తాను.

3. ముందు బండ ఎక్కండి

లోపలికి వెళ్ళగానే అందరూ పూల ప్రదర్శనలు జరిగే గాజుమేడ (గ్లాస్ హౌస్) వైపు నడుస్తారు. మీరు బండ వైపు వెళ్ళండి. బెంగళూరు ఊరిని కట్టించిన కెంపేగౌడ నిలిపిన బురుజు ఉన్నది దాని మీదే. సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి రాయి అది.

రాయికీ ఇంటి తోటకీ సంబంధం ఏమిటంటారా? మన మిద్దె స్లాబు కూడా ఒక బండే. మట్టి లేదు, నీడ లేదు, గాలి నేరుగా కొడుతుంది, పగలంతా తాగిన వేడిని రాత్రి వదులుతుంది. లాల్‌బాగ్ బండ మీద ఏం పెరుగుతోందో చూడండి. నిండు మధ్యలో దాదాపు ఏమీ ఉండదు. ఎక్కడైనా చిన్న గుంటలో ఇంత మట్టి చేరి, వాన నీళ్ళు నిలిచిన చోట గడ్డి, చిన్న చిన్న మొక్కలు కనిపిస్తాయి. బండ అంచు దాటి మట్టి లోతు పెరిగే కొద్దీ పొదలు, ఆ తర్వాత చెట్లు. మొక్క ఎంత పెద్దదవుతుందో దాని వేరుకి దొరికిన మట్టే చెప్తుంది. ఈ ఒక్క సంగతి కళ్ళారా చూశాక నేను చిన్న కుండీల్లో వంగ, మునగ పెట్టడం మానేశాను.

అక్కడి నుంచి చెరువు వైపు దిగండి. పది నిమిషాల నడకే. గాలి చల్లబడుతుంది, ఆకులు పెద్దవవుతాయి, నేల మెత్తబడుతుంది. ఒకే ఊరు, ఒకే తోట, అయినా బండ మీద ఒక వాతావరణం, చెరువు గట్టున ఇంకొకటి. మీ ఇంట్లో కూడా అంతే. ట్యాంకు పక్కన ఒకటి, పడమటి గోడ దగ్గర ఒకటి, మెట్ల కింద మరొకటి. విజయవాడ వాతావరణానికి ఏ మొక్క అని అడిగితే జవాబు సగమే దొరుకుతుంది. ట్యాంకు పక్కన ఏ మొక్క అని అడగాలి.

4. చేతి నీడతో ఎండను కొలవండి

నచ్చిన మొక్క కనబడగానే దాని ఆకుల మీదకి మీ అరచెయ్యి చాచండి, ఒక అడుగు ఎత్తులో. నీడ వేళ్ళతో సహా స్పష్టంగా, అంచులు కత్తిరించినట్టు పడితే అది ఎండ మొక్క. నీడ ఉంది గానీ అంచులు చెదిరి మసకగా ఉంటే అది సగం నీడలో పెరిగేది. నీడే సరిగ్గా కనబడకపోతే అది నీడ మొక్క.

అలా చూసినది నోటుబుక్కులో రాయండి: స్పష్టం, మసక, లేదు. ఇంటికి వచ్చాక అదే వేళకు మీ చెయ్యి మీ కుండీ మీద చాచి చూడండి. రెండూ కలిస్తేనే ఆ మొక్క ఆ చోటికి వస్తుంది. ఎండ కొలిచే యాప్‌లు కూడా ఉన్నాయి గానీ నాకు చెయ్యే నమ్మకం.

5. పెద్ద చెట్ల కింద ఎక్కువసేపు నిలబడండి

నన్నడిగితే లాల్‌బాగ్‌లో ఇంటి తోటకు అసలు పాఠం ఇక్కడే ఉంది. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టి, టిప్పు సుల్తాన్ పెంచిన తోట ఇది. అంత పాత తోట కాబట్టి ఒక మొక్కను ఏళ్ల తరబడి వదిలేస్తే ఏమవుతుందో ఇక్కడ కళ్ళ ముందే కనిపిస్తుంది.

నర్సరీల్లో రెండడుగుల కుండీలో "క్రిస్మస్ ట్రీ" అని అమ్ముతారు చూశారా, అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు ఉండే అరకేరియా? లాల్‌బాగ్‌లో దాని చుట్టాలు నిటారుగా, తల పూర్తిగా వెనక్కి వాల్చి చూస్తే తప్ప చివర కనబడనంత ఎత్తు పెరిగి ఉంటాయి. హాల్లో మూల పెట్టుకునే రబ్బరు మొక్కది మర్రి, రావి కుటుంబం. నేల దొరికితే అదీ మహావృక్షమే. వేరు గోడ పగలగొడుతుంది. అలాంటి మొక్కను పెంచొద్దని నేను అనను. కుండీలో ఉన్నంత కాలం రెండేళ్ళకోసారి వేరు కత్తిరించి మట్టి మార్చాలి, ఎప్పుడూ ఇంటి పునాది పక్కన నేలలో నాటకూడదు అని తెలుసుకుని పెంచుకోండి.

ఇప్పుడు చెట్టు మొదట్లోకి చూడండి. మాన్‌స్టెరా, మనీ ప్లాంట్ జాతి తీగలు చెట్టు బోదెను పట్టుకుని పైకి పాకి ఉంటాయి. కుండీలో అరచేతి అంత ఆకు వేసే మనీ ప్లాంట్ చెట్టెక్కితే చేట అంత ఆకు వేస్తుంది. ఆకు పెద్దది కావాలంటే కుండీలో కొబ్బరి పీచు చుట్టిన కర్ర ఒకటి నిలబెట్టి దాని మీదకి పాకించాలన్నమాట. మా ఇంట్లో అలా చేశాక ఏడాదిలో ఆకు రెండింతలైంది.

ఇంకాస్త కిందకి చూడండి. రాలిన ఆకులు. అడవిలోలాగా నేల మీద పరుచుకుని ఉన్న చోట వాటిని వేలితో పక్కకి జరిపి చూస్తే అడుగున మట్టి నల్లగా, తడిగా ఉంటుంది. మనం ఏం చేస్తాం? కుండీలో పడ్డ ప్రతి ఆకునీ ఏరి పారేసి మట్టిని ఎండకు ఆరబెడతాం. కుండీ మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులు పరవండి. వేసవిలో నీళ్ళు పోసే పని బాగా తగ్గుతుంది. మొక్క కాండానికి తగలకుండా చుట్టూ రెండు వేళ్ళ వెడల్పు ఖాళీ వదలాలి, లేకపోతే మొదలు కుళ్ళుతుంది.

చెట్టు కింద మొక్కలు గుంపుగా ఉండటం కూడా గమనించండి. ఒక్కొక్కటి విడిగా ఉండవు. ఆకులు వదిలే తేమ ఒకదానికొకటి అందుతుంది. మిద్దె మీద కుండీలను సైనికుల్లా వరసగా, దూరం దూరంగా పెట్టకుండా, పెద్దవి పడమట, చిన్నవి వాటి నీడలో తూర్పున పెట్టి గుంపు కట్టండి. నేను మొక్కలేమీ కొత్తగా కొనకుండా, ఉన్న కుండీల చోటు మార్చినందుకే ఆ వేసవి నష్టం సగానికి తగ్గింది.

6. బోర్డు మీద పేరును విడదీసి చదవండి

బొటానికల్ గార్డెన్‌కీ మామూలు పార్కుకీ తేడా బోర్డులే. మొక్కకి రెండు మాటల శాస్త్రీయ నామం ఉంటుంది. నోరు తిరగదని వదిలేస్తాం. నిజానికి రెండో మాటలో ఎంతో సమాచారం ఉంటుంది.

ఆల్బా అంటే తెల్లనిది. ఒడొరాటా అంటే సువాసన గలది. గ్రాండిఫ్లోరా అంటే పెద్ద పూలది. రెపెన్స్ అంటే నేల మీద పాకేది, స్కాండెన్స్ అంటే ఎగబాకేది, పెండ్యులా అంటే వేలాడేది. నానా అంటే పొట్టిది, కుండీకి పనికొస్తుంది. ఆఫిసినాలిస్ అంటే మందుగా వాడుకలో ఉన్నది. ఇండికా, సైనెన్సిస్ అన్నవి ఇండియాను, చైనాను గుర్తుచేసే మాటలు. మోంటానా అంటే కొండ ప్రాంతానిది, పలుస్ట్రిస్ అంటే చిత్తడి నేలది. ఈ చివరి రెండూ కనిపిస్తే కోస్తా మిద్దె వాళ్ళు కాస్త ఆగి ఆలోచించాలి.

మాక్రోఫిల్లా అంటే పెద్ద ఆకులది. నేను కొన్న హైడ్రేంజియా పూర్తి పేరు హైడ్రేంజియా మాక్రోఫిల్లా. పెద్ద, పలచని ఆకు అంటే నీళ్ళు ఆవిరయ్యే చోటు ఎక్కువ అని అర్థం. మా పడమటి గాలికి అది తట్టుకోలేదని పేరులోనే రాసి ఉంది.

శాస్త్రీయ నామం రాసుకోవడానికి ఇంకో కారణం ఉంది. మన దగ్గర జాజి, సన్నజాజి, విరజాజి, మల్లె అన్న పేర్లకు ఊరు మారితే మొక్క మారిపోతుంది. నర్సరీలో "జాజి కావాలి" అంటే ఒకరు ఒకటిస్తారు, మరొకరు మరొకటి. మన మల్లె జాస్మినమ్ సాంబాక్, వానాకాలంలో పూసే జాజి జాస్మినమ్ గ్రాండిఫ్లోరమ్. ఫోన్‌లో బోర్డు ఫొటో చూపించి అడిగితే గొడవ లేదు.

7. ఒక్కో మొక్కకి నాలుగు ఫొటోలు

పువ్వు ఫొటో ఎలాగూ తీస్తారు, తీయండి. దాంతో పాటు ఈ నాలుగూ తప్పకుండా తీయండి. ఒకటి బోర్డు. రెండు, పక్కన మనిషి నిలబడి ఉండగా మొక్క మొత్తం, ఎత్తు తెలియడానికి. మూడు, మొక్క మొదలు, మట్టి, పక్కనున్న మొక్కలు. నాలుగు, మొక్క పక్కన నిలబడి ఆకాశం వైపు, దాని మీద ఎంత కొమ్మ కప్పు ఉందో తెలియడానికి. నాలుగోది ఎవరూ తీయరు. ఇంటికొచ్చాక ఎక్కువ ఉపయోగపడేది అదే.

పువ్వు గానీ, గింజ గానీ, కొమ్మ గానీ తుంచొద్దు. రాలిన గింజ కదా అని కూడా జేబులో వేసుకోవద్దు. రోజూ వేలమంది వచ్చే చోట తలా ఒక్క కొమ్మ అనుకుంటే ఆ మొక్క ఏమవుతుంది? పైగా తోటల్లో చీడ ఉన్న కొమ్మ తెచ్చి ఇంట్లో అన్నిటికీ అంటించుకోవడం చాలా తేలిక.

8. మాలీలను అడగండి

పొద్దున్నే వెళ్ళమన్నది ఇందుకే. 9 గంటల లోపు మాలీలు నీళ్ళు పెడుతూ, కలుపు తీస్తూ మొక్కల దగ్గరే ఉంటారు. బెంగళూరులో తెలుగు అర్థమయ్యేవాళ్ళు చాలామంది. "అన్నా, ఒక్క మాట" అని పలకరించి, పని చేసుకుంటూనే చెప్పమని అడగండి.

"ఇది ఇంట్లో వస్తుందా?" అని అడిగితే "వస్తుందమ్మా" అంటారు. మనల్ని నిరుత్సాహపరచడం ఎవరికీ ఇష్టం ఉండదు కదా. కాబట్టి జవాబు తప్పనిసరిగా వివరంగా వచ్చే ప్రశ్న వేయాలి. ఎన్ని రోజులకోసారి నీళ్ళు పెడతారు? ఎప్పుడు కత్తిరిస్తారు, ఎంత వదిలి కత్తిరిస్తారు? ఏ నెలలో ఇది బాగా కష్టపడుతుంది? దీనికి ఏ పురుగు వస్తుంది? పోతే ఎందుకు పోతుంది?

ఒకసారి ఆంథూరియం దగ్గర ఉన్న ఒక పెద్దాయనను ఇలాగే అడిగాను. కోలారు వైపు నుంచి వచ్చారట, తెలుగు చక్కగా మాట్లాడారు. మట్టిలోకి వేలు రెండు కణుపుల దాకా దించి, తీసి చూపించి, "ఇట్ల తడి అంటుకుంటే నేను పోయనమ్మా, వారమైనా సరే. మీరు టైం చూసి పోస్తారు, అందుకే సచ్చిపోతాయి" అన్నారు. అప్పటి దాకా నేను పొద్దున 7 గంటలకి అన్ని కుండీలకీ తలా ఒక మగ్గు పోసేదాన్ని. ఆ రోజు నుంచి వేలు దించి చూడకుండా పోయలేదు.

9. ఏడాది పొడవునా పూలు ఎలా వస్తాయో చూడండి

1908లో లాల్‌బాగ్ బాధ్యత తీసుకున్న జర్మన్ ఉద్యానవన నిపుణుడు క్రుంబీగల్ బెంగళూరు వీధులకు చెట్లు ఎంచేటప్పుడు ఒక లెక్క పెట్టుకున్నాడు. ఒక చెట్టు పూత అయిపోయే వేళకు ఇంకో చెట్టు పూత అందుకోవాలి. అందుకే ఇప్పటికీ ఆ ఊళ్ళో చలికాలం చివర టబెబుయాలు, వాటి వెనకే జకరాండాలు, వేసవి ముదిరాక తురాయిలు వరసగా పూస్తుంటాయి.

ఆరు కుండీలున్న బాల్కనీకి కూడా ఈ లెక్క అక్షరాలా పనికొస్తుంది. నర్సరీకి వెళ్ళిన రోజున ఏది పూసి ఉంటే అది కొంటాం. అందుకే మన ఇంట్లో అన్నీ జనవరిలో ఒక్కసారే పూసి, మిగతా పదకొండు నెలలు ఆకులే మిగులుతాయి. ఒక కాగితం మీద పన్నెండు నెలలు రాసి, మీ దగ్గరున్న మొక్కల్ని వాటి పూత నెలల్లో వేయండి. ఖాళీ నెలలు కనిపిస్తాయి. ఆ ఖాళీకి తగ్గది కొనండి.

మా ఇంట్లో ఇలా కుదిరింది. మార్చి నుంచి జూన్ దాకా మల్లె. నవంబరు చివర కొమ్మలు కత్తిరించి, కొన్నాళ్ళు నీళ్ళు తగ్గించి, జనవరిలో ఎరువు వేసి మళ్ళీ నీళ్ళు మొదలుపెడితే మొగ్గ బాగా కడుతుంది. వానలు మొదలయ్యాక జాజి. దసరాకు పారిజాతం. కార్తీకం నుంచి డిసెంబరాలు, చామంతి, బంతి. మధ్యలో ఏ లోటూ లేకుండా నందివర్ధనం, మందారం, కనకాంబరం. పూజకి పూలు కొనాల్సిన రోజులు ఇప్పుడు చాలా తక్కువ.

10. బెంగళూరు మొక్కను మన ఊరికి సరిచూడండి

బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. హైదరాబాద్ 540 మీటర్ల ప్రాంతంలో, కోస్తా ఊళ్ళు ఇంకా ఎంతో కింద. మేలో మన దగ్గర 40 డిగ్రీలు దాటడం మామూలే. రాత్రుళ్ళు కూడా చల్లబడదు. కాబట్టి తోటలోంచి బయటికి వచ్చి, ఒక బెంచీ మీద కూర్చుని, రాసుకున్న పేర్లను మూడు భాగాలు చేయండి.

అసలు రానివి: హైడ్రేంజియా, ఫ్యూషియా, అజేలియా లాంటివి. చూసి ఆనందించి వదిలేయాలి.

చోటు చూసి పెడితే వచ్చేవి: ఆంథూరియం, ఫెర్నులు, కాలేడియం, మాన్‌స్టెరా, కొన్ని ఆర్కిడ్లు. తూర్పు బాల్కనీలోనో మెట్ల కిందో గుంపుగా పెట్టి, వేసవిలో తేమ చూసుకుంటే వస్తాయి.

బెంగళూరు కంటే మన దగ్గరే బాగా పూసేవీ ఉన్నాయి. కాగితం పూలు, గన్నేరు, అడీనియం, బిళ్ళ గన్నేరు, నూరువరహాలు, నాచు పూలు. ఇవి ఎండకు మురిసిపోతాయి. నా పడమటి గోడ ప్రశ్నకు జవాబు కాగితం పూలు. ట్యాంకుకు రాధామనోహరం.

మొక్క రాకపోయినా దాని రూపాన్ని తెచ్చుకోవచ్చు. లాల్‌బాగ్‌లో పెద్ద ఆకు వెనకాల, దాని ముందు సన్న ఆకు, అంచున ఎర్రాకు ఉన్న ఒక మడి నాకు చాలా నచ్చింది. అందులో ఒక్క మొక్క కూడా మా మిద్దెకు రాదు. వెనక అరటి, ముందు నిమ్మగడ్డి, అంచున ఎర్ర తోటకూర పెట్టాను. చూడటానికి అదే అందం, పైగా వంటింటికి పనికొచ్చేవి. కూరగాయల మాటెలాగూ వచ్చింది కాబట్టి చెప్తున్నాను, మనం బెంగళూరు వంకాయ అని పిలిచే సీమ వంకాయను ఆ ఊరికి తెచ్చింది లాల్‌బాగ్‌ను నడిపిన జాన్ కామెరాన్ అని చెప్తారు. గాజుమేడకు 1889లో పునాది పడింది కూడా ఆయన హయాంలోనే.

11. కొనాలనిపిస్తే

సిద్దాపుర వైపు నర్సరీలు చాలా ఉన్నాయి. మూడు మొక్కలకు మించి కొనొద్దు. పూలు విరగబూసినదాన్ని వదిలి, మొగ్గలు, కొత్త చిగుళ్ళు ఉన్నది తీసుకోండి. ఆకు తిప్పి అడుగు భాగం చూడండి, తెల్ల పిండిలాంటి పురుగు అక్కడే దాక్కుంటుంది. కవరు అడుగు నుంచి లావు వేళ్ళు బయటికి పొడుచుకొచ్చి ఉంటే అది చాలా కాలంగా అందులోనే ఉందని లెక్క.

మొక్క ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. రాజమండ్రి దగ్గరి కడియం మొక్కలు దేశమంతా వెళ్తాయి. కడియం నుంచే వచ్చిందని చెప్తే అంత దూరం మోసుకు రావడం ఎందుకు, మన ఊళ్ళోనే దొరుకుతుంది.

రైల్లో తెచ్చేటప్పుడు ముందు రోజు రాత్రి నీళ్ళు పోయండి, బయల్దేరే ముందు పోయొద్దు. పేపరు చుట్టి, అట్టపెట్టెలో నిలబెట్టి, ఏసీ గాలి నేరుగా తగలకుండా పెట్టండి.

12. ఇంటికొచ్చిన మొదటి పది రోజులు

వచ్చిన రోజే కుండీ మార్చొద్దు. పాత మొక్కలకు దూరంగా, నీడలో వారం పది రోజులు ఉంచండి. పురుగు ఉంటే ఈలోగా బయటపడుతుంది. తర్వాత ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, కోకోపీటు సమపాళ్ళలో కలిపి, గుప్పెడు వేపపిండి వేసి సాయంత్రం వేళ నాటండి. ఎండ మొక్కనైనా రోజుకో గంట చొప్పున పెంచుతూ ఎండకు అలవాటు చేయాలి.

మొత్తం మిద్దెను మార్చేయాలన్న ఉత్సాహం వస్తుంది. ఒక్క మూల మాత్రమే చేయండి. ఆ మూల ఒక వేసవి దాటితే రెండోది.

పూల ప్రదర్శనకు వెళ్ళే వాళ్ళకు

జనవరి, ఆగస్టు ప్రదర్శనలు తప్పకుండా చూడాల్సినవే. గాజుమేడ నిండా పూలు, అలంకరణలు కన్నుల పండుగగా ఉంటాయి. ఒక్కటి గుర్తుంచుకోండి, అక్కడి కుండీలు ఎక్కువగా వేరే చోట పెంచి, సరిగ్గా పూసే వేళకు తెచ్చి పేర్చినవి. ఆ చోటులో అవి పెరగలేదు. రంగుల కలయిక, ఎత్తుల అమరిక నేర్చుకోవడానికి ప్రదర్శన మంచిది. ఏ చోటికి ఏ మొక్క అన్నదానికి మాత్రం అది సాక్ష్యం కాదు.

ఆ జనంలోంచి బయటపడి, మునుపు మీరు నాలుగు ఫొటోలు తీసిన మొక్కల దగ్గరికి మళ్ళీ వెళ్ళండి. అదే చోట నిలబడి అవే ఫొటోలు మళ్ళీ తీయండి. జనవరి ఫొటో, ఆగస్టు ఫొటో పక్కపక్కన పెట్టి చూస్తే వానల్లో ఆ మొక్క ఎంత పెరిగిందో, మాలీలు ఎంత మేర కత్తిరించారో తెలిసిపోతుంది. ఎంత సైజు కుండీ కొనాలో ఆ తర్వాత తేల్చుకోండి.